గేటక్క సాక్ష్యం

గేటక్క పోయిన సంగతి నాకు చెప్పిన పిల్ల దాన్ని శుభవార్త చెప్పినట్టు చెప్పింది. తిరుత్తణి స్టేషన్ బయట పూలు బేరం చేస్తున్నాను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు బిడ్డల తల్లి, గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"టీచర్, సినిమా కొట్టాయిలో ఆడోళ్ళ గేటుకాడ నిల్చుకోనుండేదే ఒకామె, మీతో బాగా మాట్లాడతా ఉండేదే, ఆమె పోయింది. మొగుడు బతికుండంగానే పోయింది చూడండి, పుణ్యాత్మురాలు! ఆయనే వచ్చి ఎర్రచీర కప్పి, తల నిండా పూలు పెట్టించి, ముత్తైదవ సావు చేసి పంపించినాడు. ఎంతమందికి దొరుకుతుంది టీచర్ ఆ భాగ్యం?"

చేతిలో ఉన్న మల్లెచెండు మళ్ళీ బుట్టలో పెట్టేసి వచ్చేశాను. ఆ పిల్ల మీద కోపం కాదు. దానికేం తెలుసు? ఆ ఎర్రచీర మీద కోపం. కప్పినవాడి మీద కోపం. కప్పనిచ్చిన ఊరి మీద కోపం. ఇంటికొచ్చినా అది తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. సినిమా హాల్లో ఆడవాళ్ళ పక్క గేటు దగ్గర టికెట్లు చించేది కాబట్టి గేటక్క. ముసలమ్మలకూ గేటక్కే, చంకబిడ్డలకూ గేటక్కే. డెబ్భైల చివర్లో నేను తిరుత్తణి ఆడపిల్లల బడికి తెలుగు టీచరుగా వెళ్ళాను. పెళ్ళి చేసుకోలేదు, ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేదాన్ని. ఆ ఊళ్ళో ఒంటరి ఆడది కొండ మీది గుడికి పోతే "ఏం మొక్కుకున్నావమ్మా, సంబంధం కుదరాలనా?" అని అడుగుతారు. సినిమాకు పోతే ఎవరూ ఏమీ అడగరు. శనివారం మ్యాట్నీకి పోవడం అలా అలవాటైంది.

హాలు మధ్యలో నడుమెత్తు గోడ. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. మా గేటు పక్కసందులో ఉండేది. గేటక్క పొట్టి మనిషి. ఎప్పుడు చూసినా చంకలో ఎవరి బిడ్డో ఉండేది. తల్లి నిమ్మళంగా సినిమా చూడాలని తనే బిడ్డను తీసుకునేది. ఒక చెయ్యి బిడ్డ కింద ఉంటే టికెట్టును పళ్ళతో పట్టుకుని రెండో చేత్తో చించేది. నడుముకు ఒక టార్చిలైటు దోపుకునేది. అందులో ఎప్పుడూ సెల్లులు ఉండేవి కావు. అది వెలుగు కోసం కాదు, గోడ దాటి కాళ్ళు ఇటు చాపే మగవాళ్ళ మోకాళ్ళ కోసం. ఠపీమని ఒకటి తగిలించి, "పొరబాటున తగిలిందిలే నాయనా" అనేది.

సినిమాలను ఆమె పేర్లతో చెప్పేది కాదు. ఆమె లెక్క వేరు. కాళ్ళు పట్టుకునే పడం, మందు తాగే పడం, తాళి కళ్ళకద్దుకునే పడం, అత్త మారే పడం. పడం అంటే అక్కడి మాటలో సినిమా. సందులోంచి వచ్చే ఆడవాళ్ళు "ఎట్లుండాది గేటక్కా?" అని అడిగితే, "కాళ్ళు పట్టుకునేదే. అర్ధగంట పట్టుకుంటుంది. కొంగు పొడుగ్గా ఉండాదా? రెండు తూర్లు పిండుకోవాల్సొస్తుంది" అనేది. నవ్వుకుంటూ లోపలికి పోయినవాళ్ళు ఏడుస్తూ బయటికి వచ్చేవాళ్ళు.

తెర మీద మనుషులతో ఆమె నేరుగా మాట్లాడేది. కథానాయిక మొగుడి కాళ్ళ మీద పడగానే వెనకనుంచి గేటక్క గొంతు వినిపించేది. "లేవే. లే. నేలంతా దుమ్ము." ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వేవాళ్ళు. మొగుడు తన్నుతుంటే, "ఊరికే నిల్చుకున్నావే, పక్కనే రోకలుండాది గదా, కళ్ళు కనపడలేదా?" అనేది. మేనేజరు ఒకటి రెండుసార్లు మందలించాడు. ఆమె ఉంటేనే ఆడవాళ్ళు ఎక్కువగా వస్తున్నారని తెలిశాక ఊరుకున్నాడు.

ఒక్కరకం సినిమాకు మాత్రం నోరు మెదిపేది కాదు. దుర్మార్గుడొకడు ఆడపిల్లను పట్టుకుని బలవంతంగా తాళి కట్టేస్తాడు. మేళం మోగుతుంది. అక్కడినుంచి ఆమె వాడి పెండ్లాం. వాడి కాళ్ళు కడుగుతుంది, వాడి కోసం ఉపవాసం ఉంటుంది, ఆఖరి రీల్లో వాడు మారతాడు. ఆ రీలు వచ్చేసరికి గేటక్క బయటికి వెళ్ళి ఎండలో నిలబడేది. ఒకసారి తల నొప్పిగా ఉండి నేనూ బయటికి వచ్చాను.

"గొడ్డయినా పలుపు తెంచుకోని పోతుంది టీచరమ్మా. ఈమె పోదంట. ఆ తాట్లో ఏముండాదంట అంత?" అని అడిగింది. నేను ఏదో అనబోయాను. "మీకు తెలీదులే, మీరు కట్టించుకోలేదు" అని నన్నే ఎగతాళి చేసింది. అప్పుడే తన సంగతి చెప్పింది.

ఆమెది పాండూరు వైపు. కాపుదనం చేసుకునే తెలుగువాళ్ళు, ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. మొగుడికి నేల ఉంది, బావి ఉంది. ఆమెకు కడుపు పండలేదు. శోళవరం దగ్గర ఒక పిల్లను మాట్లాడుకున్నాడు. దాచి కాదు, ఇంట్లో చెప్పే మాట్లాడుకున్నాడు. ఈమె అడ్డం పడలేదు. ఆ పెళ్ళికి తనూ పోయింది!

"పోయి ఏం చేశావు?"

"ఏం చేస్తా? ముందు వరసలో నిలబడి చూసినా. తాళి కట్టినాడు, మూడు ముళ్ళేసినాడు. పంక్తిలో కూసోని ఆకునిండా తిన్నా. పాయసం మళ్ళీ వేయించుకున్నా. నేను రాలేదని, చూడలేదని రేపు యెవురూ చెప్పకూడదు గదా. అందరూ నన్నే చూస్తా ఉండారు. తిననీ, చూడనీ అని తిన్నా. చెయ్యి కడుక్కోని నేరుగా బస్సెక్కి ఈ ఊరొచ్చేసినా."

ఇది చెబుతూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఊళ్ళో పెద్ద ముత్తైదువలు ఆమెకు బుద్ధి చెప్పేవాళ్ళు. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టమమ్మా, సర్దుకుని పోయి ఆ ఇంట్లోనే ఉండు అని. "నేనేమన్నా తమలపాకునా?" అని ఆమె జవాబు. అంతటితో ఆగలేదు. మొదటి పెండ్లాం బతికుండగా రెండో పెళ్ళి చేసుకుంటే కోర్టు శిక్ష వేస్తుందని ఎవరో చెప్పగా విని, తిరువళ్ళూరులో ఒక ముసలి ప్లీడరును పట్టుకుంది. కేసు వేసింది. వేశాక నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, మీరు తోడొచ్చి పక్కన నిలబడితే చాలు. ఇంకేమీ వొద్దు" అంది.

ఆమెకు మనోవర్తి అక్కరలేదు. ఆయన జైలుకు పోవాలని కూడా పెద్దగా లేదు. మరి కేసెందుకని తిరువళ్ళూరు రైల్లో అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"నా కూడు నేను తింటా ఉండా. ఆయప్ప చేసింది తప్పని ఒక పెద్దమనిషి నోటితో చెప్పాల. పదిమంది వినాల. ఆయప్ప వినాల. మా అత్త వినాల. అంతే టీచరమ్మా. మా ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు అనలేదు ఆ మాట. బిడ్డ లేదు గదా, పాపం వాడేం చేస్తాడు అన్నారు."

ప్లీడరు చెడ్డవాడు కాదు. తెలుగువాడే. విసుక్కోకుండా, నిదానంగా చెప్పాడు. చట్టం దృష్టిలో ఆ రెండోది పెళ్ళి అయితేనే నేరం. పెళ్ళి అనిపించుకోవాలంటే అగ్ని ఉండాలి, ఏడడుగులు నడవాలి. లేదా మా కులంలో ఆచారం ఇంతే, తాళి కడితే పెళ్ళి అయిపోయినట్టే అని మీ పెద్దలు వచ్చి సాక్ష్యం చెప్పాలి. వస్తారా?

అడిగింది. పాండూరు పోయి ఒక్కొక్కరి గడపా ఎక్కి అడిగింది. ఆ పెద్దలందరూ ఆ తాళితోనే సంసారాలు చేసినవాళ్ళు. ఆ తాళి పేరు చెప్పే తమ ఆడవాళ్ళ నోళ్ళు మూయించినవాళ్ళు. మగవాడి మీద సాక్ష్యం చెప్పమనేసరికి ఒకరికి నడుము నొప్పి, ఒకరికి చెరకు నరుకుడు, ఒకరికి పెరియపాళయం మొక్కు. ఒక్కడూ కదలలేదు.

"అయితే ఒకటే దారి" అన్నాడు ప్లీడరు. "నువ్వు కళ్ళారా చూశావు కదమ్మా. హోమం చేశారు, చుట్టూ ఏడడుగులు నడిచారు అని చెప్పు. ఒక్క మాట. మిగతాది నేను చూసుకుంటాను."

తిరుగు రైల్లో ఆమె, "ఏడడుగులు మనలో యెవురు నడిచినారు టీచరమ్మా?" అని అడిగింది. మా ఇళ్ళలోనూ ఎవరూ నడవలేదు. మా అమ్మ నడవలేదు, మా అక్క నడవలేదు. మామ బుట్టలో కూర్చోబెట్టి తెస్తాడు, తాళి కడతారు, మెట్టెలు పెడతారు, అన్నం పెడతారు. అదే చెప్పాను. "నేనూ పడంలోనే చూసినా. బాపనయ్యోర్ల పెండ్లిలో" అంది.

వాయిదా రోజు కోర్టు వరండాలో ఆ పిల్లను మొదటిసారి చూశాను. శోళవరం పిల్ల. నిండు గర్భిణి. మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. నా బడిలో పెద్ద తరగతి పిల్లలకంటే ఏ రెండేళ్ళో పెద్దదై ఉంటుంది. మెళ్ళో తాడు ఇంకా పచ్చగానే ఉంది. గేటక్క ఆ పిల్ల కడుపును చూసింది. చూసి మొహం తిప్పుకుంది. బంట్రోతు ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

బోనులో ఆమె బాగానే మాట్లాడింది. తమిళంలో అడిగితే తమిళంలో, తడబడినప్పుడు తెలుగులో. ఎదుటి ప్లీడరు నవ్వుతూ లేచాడు.

"మొగుడి పెళ్ళికి వెళ్ళావు. భోజనం కూడా చేశావా?"

"చేసినాను."

"పాయసం?"

"మళ్ళీ వేయించుకున్నాను."

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు కూడా పెదవి బిగబట్టాడు. సినిమా హాల్లో ఏడ్చే ఆడవాళ్ళను నవ్వించిన మనిషి, ఇక్కడ తన ఏడుపుకు మగవాళ్ళందరూ నవ్వుతుంటే చూస్తూ నిలబడింది. అప్పుడు ఆమె ప్లీడరే లేచి, మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని, నేర్పించిన ప్రశ్న అడిగాడు. హోమం చుట్టూ వాళ్ళిద్దరూ ఏడడుగులు నడవడం చూశావా అని.

ఆమె తలుపు వైపు చూసింది. తలుపు పక్కన గోడకు ఆనుకుని ఆ పిల్ల నిలబడి ఉంది.

"లేదు సామీ. ఏడడుగులు నడవలేదు. మాలో ఆ ముచ్చటే లేదు. తాళి కట్టినాడు, మూడు ముళ్ళేసినాడు. నాకూ అంతే, దానికీ అంతే."

ముసలి ప్లీడరు కూర్చున్నాడు. ఇంక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క మాట గదే! చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది.

"నాకు నడవని ఏడడుగులు దానికి నేనెందుకు నడిపించాల టీచరమ్మా? నాకంటే గొప్ప పెండ్లి దానికి జరిగిందని నా నోటితో నేనే చెప్పాల్నా? సచ్చినా చెప్పను!"

నిజం కోసం చెప్పిన నిజం కాదు అది. కడుపుమంటతో చెప్పిన నిజం. కానీ నిజమే.

ఆయన వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాడో కూడా విన్నాను. తెల్ల చొక్కా, నుదుట విభూతి. చేతులు కట్టుకుని ఎంతో వినయంగా చెప్పాడు. "ఆమే నా పెండ్లాం సామీ. ఎప్పుడొచ్చినా ఇంటి తలుపు తీసే ఉండాది. ఈ పిల్ల సుమ్మా, ఊరికే ఇంట్లో ఉండాది. ఉంచుకున్నాను, అంతే. పెండ్లి యాడ చేసుకున్నా?" ఆ పిల్ల అక్కడే ఉంది. కడుపు మీద చెయ్యి వేసుకుని విన్నది. కోర్టులో ఎవరూ దాని వైపు చూడలేదు.

కేసు కొట్టేశారు. రెండోది పెళ్ళని రుజువు కాలేదు కాబట్టి నేరమూ లేదు. తప్పు అన్న మాట ఆ తీర్పులో ఎక్కడా లేదు. తిరుత్తణికి తిరిగొస్తే ఆడవాళ్ళు గేటు దగ్గర చుట్టూ మూగి, "గెలిచినావు గదా గేటక్కా, నువ్వే పెండ్లానివని కోర్టే చెప్పిందంట గదా!" అని సంబరపడ్డారు. ఆమె టికెట్లు చించుతూనే ఉంది.

చెబితే నాది ముక్కోపం అంటారు కానీ చెబుతాను. తెర మీద ఎవడో తాగుబోతు బలవంతంగా కట్టినా ఆ తాళి ఆడదాన్ని జన్మంతా కట్టిపడేస్తుంది. కోర్టులో అదే తాళి, పదిమంది చూస్తుండగా మేళాలు పెట్టి కట్టినది, మగవాణ్ణి ఒక్క పూట కూడా కట్టలేకపోయింది. హాలుకూ కోర్టుకూ మధ్య తాడు మారలేదు. ఏ కొసన ఎవరున్నారన్నదే మారింది. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ సందులో, ఆ గేటు దగ్గర నిలబడి తెలుసుకున్నాను.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక శనివారం నేను మ్యాట్నీకి ముందుగానే వెళ్ళాను. గేటు ఇంకా తెరవలేదు. గేటక్క గోడ నీడలో కూర్చుని ఉంది. సందు మొదట్లోంచి ఆ పిల్ల వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో గుడ్డసంచి. ఆడబిడ్డ అని తర్వాత తెలిసింది. వచ్చి ఎదురుగా నిలబడింది. గేటక్క లేచింది.

"అక్కా, తరిమేసినాడు."

గేటక్క ఆ గుడ్డసంచి వైపు చూసింది.

"ఆడబిడ్డ పుట్టిందని మొదులు తిట్టినారు. మళ్ళ ఇంకో చోట మాట్లాడతా ఉండారు. నేను అడిగితే, నువ్వేమన్నా పెండ్లానివా అడగను, కోర్టులోనే తేలిపోయింది గదా, పో అన్నాడు. మా అమ్మోళ్ళు రానీలేదు." ఏడవడం లేదు. అందుకే నాకు భయమేసింది. "నాకు తాళి కట్టేటప్పుడు నువ్వు ఎదురుగ్గా నిలబడుండావు గదక్కా. అందరికంటే దగ్గర నువ్వే ఉండావు. ఏడడుగులు నడవలేదని చెప్పింది నువ్వే గదా. నేను విన్నాను."

ఎండకు బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. గేటక్క అలవాటుగా రెండు చేతులూ చాపింది. ఆ ఊళ్ళో ఆమె ఎత్తుకోని బిడ్డ లేదు. ఆ పిల్ల ఇవ్వలేదు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, "ఒక్క మాట చెప్పుంటే సరిపొయ్యేది గదక్కా" అని, వచ్చిన దారినే బస్టాండు వైపు వెళ్ళిపోయింది. గేటక్క "ఏమ్మే, ఉండు, నిల్చుకో" అని సందు చివరిదాకా పోయింది. అప్పటికే ఆ పిల్ల రోడ్డు దాటి జనంలో కలిసిపోయింది. తర్వాత మద్రాసులో ఏదో ఇంట పనికి కుదిరిందని ఒకరు, కాదని ఒకరు అన్నారు. నిజం ఏదో మాకు తెలియలేదు.

గేటక్క తిరిగొచ్చి గోడ పట్టుకుని నిలబడింది. రొప్పుతోంది.

"మళ్ళీ కోర్టుకు పోదాం రాండి టీచరమ్మా. ఈతూరి చెప్తా. ఏడడుగులు నడిచినారని చెప్తా. కర్పూరం ఆర్పి ఒట్టేసి చెప్తా."

అబద్ధమైనా ఏదో ఒకటి చెప్పి ఓదార్చి ఉండవచ్చు. నాకు అలా రాదు. ముసలి ప్లీడరు తర్వాత నాకు చెప్పిన సంగతి ఆమెకు చెప్పాను. నువ్వు ఆ రోజు ఆ మాట చెప్పి ఉంటే ఆయన జైలుకు పోయేవాడేమో గాని, ఈ పిల్ల మాత్రం పెండ్లాం అయ్యేది కాదు. మొదటి పెండ్లాం బతికుండగా రెండో పెళ్ళి చట్టానికి పెళ్ళే కాదు. ఏడడుగులు నడిచినా కాదు, నడవకపోయినా కాదు.

ఆమె వింటూ నా మొహంలోకే చూసింది.

"అంటే నేను నిజం చెప్పినా అది పెండ్లాం గాదు. అబద్ధం చెప్పినా గాదు."

"కాదు."

"నేను మాత్రం పెండ్లాన్ని."

"అవును."

"మరి తప్పు చేసింది యెవురు టీచరమ్మా?"

"ఆయనే" అన్నాను. "ఇంకెవరు? ఆయనే."

సందులో ఆడవాళ్ళు రావడం మొదలైంది. ఆమె గేటు గొళ్ళెం తీసింది.

"మీరు చెప్తే చాల్దు టీచరమ్మా" అని, మొదట వచ్చినామె టికెట్టుకు చెయ్యి చాపింది.